నాన్న నేర్పిన సంతకం

పన్ను ఆఫీసు కౌంటరు అద్దానికి అవతల కూర్చున్నావిడ కాగితాన్ని వెనక్కి తోసింది. తోసిన తీరు చూస్తే పొద్దుటి నుంచి అలాంటివి ఓ వంద తోసినట్టుంది.

"ఇది తీసుకోవడం కుదరదమ్మా. నీ పేరు ఇప్పటికే ఇంకొకరి రిటర్నులో ఉంది."

"ఎవరి దాంట్లో?"

అద్దానికున్న చిన్న చిన్న బెజ్జాల్లోంచి ఆ మాట అవతలికి పోలేదు. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. సన్నాయి రెండోసారి అడగాల్సి వచ్చింది. వెనక వరుసలో ఎవరో విసుగ్గా నిట్టూర్చారు.

"మీ నాన్నగారి దాంట్లో. తన మీద ఆధారపడిన బిడ్డవని రాశారు. అలా రాశాక నువ్వొచ్చి, నేను సొంతంగా బతుకుతున్నానని ఇంకో రిటర్ను వేస్తే కంప్యూటరు ఒప్పుకోదు."

సన్నాయి ఆమె అసలు పేరు కాదు. ఆమెకు చిన్నప్పటి నుంచీ గట్టిగా మాట్లాడటం రాదు. కోపమొస్తే గోడవైపు తిరిగి తనలో తను గొణుక్కుంటుంది. "మొదలెట్టింది సన్నాయి నొక్కులు" అని నాన్న ఎప్పుడో నవ్వుతూ అన్న మాట ఇంట్లో పేరైపోయింది. తర్వాత ఎలా పాకిందో గానీ, ఆమె పనిచేసే లాండ్రీలోనూ అదే పేరు.

"నాకు ఇరవై ఏళ్ళండీ. ఏడాదిన్నరగా ఉద్యోగం చేస్తున్నాను. నాకు తెలీకుండా ఎలా రాస్తారు?"

"తెలీకపోవడమేంటి? పద్దెనిమిది దాటిన పిల్లల్ని రాయాలంటే వాళ్ళ ఒప్పుకోలు కాగితం ఉండాలి. ఉంది. కింద నీ సంతకమూ ఉంది." ఆవిడ కంప్యూటరు తెరను పక్కకు తిప్పింది.

సంతకం నిజంగానే ఉంది. మొదటి అక్షరం పెద్దగా గుండ్రంగా, తరువాత అలలాంటి గీత, చివర్లో కిందనుంచి వెనక్కి తిరిగి మొదటి అక్షరాన్ని పట్టుకునే కొక్కెం. అచ్చం ఆమెదే. ఆ కాగితాన్ని మాత్రం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అద్దానికి మొహం ఆనించి మరోసారి చూసింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"రెండే దార్లు. మీ నాన్నగారు స్వయంగా వచ్చి, పొరపాటున రాశానని మా ముందు సవరణ ఫారం నింపి ఇవ్వాలి. లేదా ఈ సంతకం నాది కాదని నువ్వు రాసివ్వాలి." ఆవిడ వేలు పైకప్పు వైపు చూపించింది. "అలా రాసిస్తే కాగితం పై అంతస్తుకు పోతుంది. అక్కడికి పోయాక మన చేతుల్లో ఉండదు. మీ నాన్నగారిని పిలుస్తారు, దొంగ సంతకం ఎవరు పెట్టారని అడుగుతారు. ఇంట్లో మాట్లాడుకునిరా తల్లీ."

సవరణ ఫారం ఒకటి తీసుకుని సన్నాయి బయటికొచ్చింది. ఆ రోజు మంగళవారం. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పన్ను ఆఫీసు ముద్ర ఉన్న సొంత రిటర్ను రసీదును కాలేజీలో ఇవ్వాలి. కట్టుడు పళ్ళు తయారుచేయడం నేర్పే కాలేజీ అది. పన్నెండే సీట్లు. పరీక్షలో ఆమెది నాలుగో స్థానం. సొంత సంపాదన మీద బతికే చిన్న జీతగాళ్ళకు ఫీజు మాఫీ. ఆ రసీదు లేకపోతే మాఫీ లేదు. మాఫీ లేకపోతే సీటు పదమూడో స్థానం వాళ్ళకు పోతుంది. ఆ పదమూడో స్థానం ఎవరిదో ఆమెకు తెలియదు కానీ, బస్సు ఎక్కేసరికి ఆ మనిషి మీద కూడా కోపమొచ్చింది.

*

ఆసుపత్రి దుప్పట్లన్నీ ఆ లాండ్రీకే వస్తాయి. ఇస్త్రీ రోలరు కింద నుంచి దుప్పటి వేడి వేడిగా బయటికి రాగానే చెరో చివరా పట్టుకుని లాగి, మడత వేసి, ఒకరికొకరు ఎదురు నడిచి, అంచులు కలిపి మళ్ళీ వెనక్కి నడవాలి. రోజుకు ఆరేడు వందలసార్లు అలా ఎదురెదురుగా నడిచే మనుషుల మధ్య రహస్యాలు దాగవు. సన్నాయి అవతలి చివర పట్టుకునే ఆవిడను అందరూ మడతలక్క అంటారు. ఆమె దుప్పటి మడిస్తే అంచు మీద అంచు గీత గీసినట్టు కూర్చుంటుంది.

ఆ మధ్యాహ్నం మూడోసారి దుప్పటి మడతలక్క చేతుల్లోంచి జారిపోయింది.

"ఏంటే, దుప్పటి లాగుతున్నావా, నన్ను లాగుతున్నావా? ఇంకో రెండు లాగితే నా భుజాలు ఊడి నీ చేతికొస్తాయి. ఏమైంది?"

సన్నాయి రోలరు వైపు తిరిగి ఏదో అంది.

"రోలరుకు చెప్పకు, దానికి చెవుల్లేవు. నాకు చెప్పు."

చెప్పింది. చెప్తున్నకొద్దీ కోపం పెరిగింది. ఏటా వసంతంలో ఓ ఆదివారం నాన్న భోజనాల బల్ల మీద పన్ను కాగితాలన్నీ పరిచేవాడు. గాలికి ఎగరకుండా ఒక్కో దొంతరకూ బట్టల క్లిప్పు పెట్టేవాడు. ఎక్కడ సంతకం కావాలో అక్కడ పెన్సిలుతో చిన్న అడ్డగుర్తు గీసేవాడు. అమ్మా, తనూ వరసగా వచ్చి అడ్డగుర్తుల పక్కన సంతకాలు పెట్టి వెళ్ళడమే. ఎవరూ చదివేవాళ్ళు కాదు. చదివితే నాన్న చిన్నబుచ్చుకునేవాడు. ఈ ఏడాది బల్ల మీద కాగితాలు పరవలేదు. కూతురు పెద్దదైందని, తన కాగితాలు తను చూసుకుంటుందని ఆయనకు అర్థమైందనుకుని సన్నాయి లోలోపల మురిసిపోయింది. పదిరోజులపాటు భోజన విరామాల్లో, ఇక్కడే ఈ మడతబల్ల మీద, మడతలక్కను అడిగి అడిగి తన రిటర్ను తనే నింపుకుంది.

"మురిసిపోయాను అక్కా. సిగ్గులేకుండా మురిసిపోయాను."

మడతలక్క ఇంకో రెండు దుప్పట్లు మడిచింది. తరువాత అడిగింది. "అవునే, మీ నాన్నకిప్పుడు వారానికి ఎన్ని రోజులు పని?"

"రెండు. సోమవారం, గురువారం."

సన్నాయి వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఎనిమిది నెలల కిందట కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్ళు పాత మెకానిక్కులందరికీ పని రోజులు కోసేశారు.

"మరి ఇంటద్దె?"

సన్నాయి ఇంకో దుప్పటి అంచు అందుకుంది.

"కూరలు, కరెంటు? డబ్బాలో ఎవరు వేస్తున్నారు?"

ఫ్రిజ్ మీద పాత బిస్కెట్ల డబ్బా ఒకటుంది. జీతం రాగానే అందులో వేయడం, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకోవడం ఆ ఇంటి పద్ధతి. ఒకప్పుడు నాన్నే వేసేవాడు. ఇప్పుడు సన్నాయి వేస్తోంది. ఈ మార్పు గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాటైనా అనుకోలేదు. నాన్న మాత్రం వంటింట్లో ఎవరూ లేనప్పుడే డబ్బా తెరుస్తాడు. మూత బిగుతు. ఎంత మెల్లగా తీసినా టక్కుమంటుంది. ఆ చప్పుడు వినబడితే అమ్మ కుట్టుమిషను వేగం పెంచుతుంది.

"ఆ లెక్కన మీ నాన్నే నీ మీద ఆధారపడ్డట్టు కదే. ఆయన్నే నీ కాగితంలో బిడ్డగా రాసుకోకపోయావా!" మడతలక్క పెద్దగా నవ్వింది.

సన్నాయి నవ్వలేదు. నాన్న రాసింది అబద్ధమని అప్పటిదాకా ఆమెకు తట్టనే లేదు. తనకు చెప్పలేదనే కోపం. ఇప్పుడు దాని కింద ఇంకో కోపం మొదలైంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వేడి గుడ్డలకు అరచేతులు కాయలు కాచి, తను మోస్తున్న ఇంట్లో తనను బరువుగా రాశారు. కింద తన సంతకమే పెట్టి మరీ రాశారు.

*

ఇంటికెళ్ళేసరికి నాన్న భోజనాల బల్ల మీద ఏదో పాత లిఫ్టు బటన్ల పలక విప్పుకుని కూర్చున్నాడు. పని లేని రోజుల్లో ఎక్కడెక్కడివో పాత సామాను తెచ్చి బాగుచేస్తాడు. ఎవరూ అడగరు, ఎవరూ కొనరు. అమ్మ కిటికీ పక్కన మిషను మీద కర్టెన్ల అంచులు కుడుతోంది.

సన్నాయి చెప్పులు విడిచి, సవరణ ఫారం తీసి బటన్ల పక్కన పెట్టి, గోడవైపు తిరిగింది. "ఒక మాట అడగొచ్చు కదా మనుషులు."

"ఆఁ, మొదలైంది కచేరీ," అన్నాడు నాన్న, స్క్రూ తిప్పుతూనే. "ఏ రాగం ఇవాళ?"

ఆ మాటతో ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

"నా సంతకం నువ్వెందుకు పెట్టావు?"

అంత గొంతు తనలో ఉందని ఆమెకే తెలియదు. మిషను ఆగిపోయింది. నాన్న చేతిలోంచి స్క్రూ జారి బల్ల మీద దొర్లి కిందపడింది. ఆయన వంగి అది వెతికాడు. అవసరమైనదానికన్నా ఎక్కువసేపు వెతికాడు.

"ఏ సంతకం?"

"పన్ను ఆఫీసులో చూసొచ్చాను. ఒప్పుకోలు కాగితం మీద. నేను నీ మీద ఆధారపడ్డానట. నేనే ఒప్పుకున్నానట."

"ఓ, అదా." ఆయన లేచి కూర్చున్నాడు. "ఏటా రాసేదే కదే. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నా. నువ్వు నా కూతురివి కావా? కాదని రాయమంటావా ఏంటి?"

"కూతుర్ని అని రాయడానికి ఆ కాగితం కాదు నాన్నా. ఎవరు ఎవర్ని పోషిస్తున్నారో రాయడానికి. నీవల్ల నా రిటర్ను తోసేశారు. శుక్రవారానికి రసీదు ఇవ్వకపోతే నా సీటు పోతుంది. నాలుగో స్థానం నాన్నా, నాలుగో స్థానం!"

"సీటు పోతుందా?" అమ్మ లేచి నిలబడింది. "ఏంటండీ ఇది? దానికి చెప్పకుండా దాని సంతకం మీరు పెట్టేయడమేంటి?"

"దాని సంతకమేంటి?" నాన్న గొంతు కూడా లేచింది. "ఆ సంతకం తయారుచేసిందే నేను. లైబ్రరీ కార్డుకు కావాలని ఏడుస్తూ వస్తే ఇదే బల్ల మీద కూర్చోబెట్టి చుక్కలు పెట్టి దిద్దించానా లేదా? ఆ చివర కొక్కెం నా ఆలోచన కాదూ? నా చేతికొచ్చిన గీత నేను గీస్తే దొంగతనమా?"

"నడక కూడా నువ్వే నేర్పావు. అయితే ఇవి నీ కాళ్ళా?"

అమ్మ కొంగుతో మూతి కప్పుకుంది, నవ్వాపుకోవడానికో మరెందుకో. అది చూసి నాన్న మొహం ఇంకా ఎర్రబడింది.

"సరే, ఏం చెయ్యాలంటావు?"

"ఆఫీసుకొచ్చి ఈ ఫారం నింపివ్వు."

ఆయన ఫారం దగ్గరకు లాక్కున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. నాన్న ఏ కాగితాన్నైనా మొదటి గీత నుంచి చివరి గీత దాకా చదువుతాడు. రెండో పేజీలో మధ్యకు వచ్చేసరికి ఆయన వేలు ఆగింది. అక్కడేముందో సన్నాయికి తెలుసు, బస్సులో చదివింది. ఇంటి ఖర్చులో సగానికి మించి ఎవరు భరిస్తున్నారు, ఎప్పటి నుంచి, పేరు రాయండి.

ఆయన కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టాడు.

"నేను రాను."

"రావా?"

"రాను. ఆ సంతకం నాది కాదని నువ్వే వెళ్ళి రాసిచ్చుకో. తండ్రి దొంగ అని రాయి. పోలీసుల్ని పిలిపించు. మెళ్ళో పలక కట్టి ఊరంతా తిప్పించు."

"రాస్తాను," అంది సన్నాయి. "రాయననుకుంటున్నావేమో. రాస్తాను."

ఆమె తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అవతల అమ్మ అంటోంది, "నోట్లో నాలుక లేని పిల్లతో ఇన్ని మాటలనిపించారు. మీకూ ఓ బహుమతివ్వాలి." కాసేపటికి మిషను మళ్ళీ మొదలైంది, కానీ కుట్టు వంకరపోయినట్టుంది, ఆగి ఆగి నడిచింది.

*

బుధవారం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. గురువారం నాన్న పనికి వెళ్ళాడు. సాయంత్రం ఆయన వచ్చేసరికి భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి.

సన్నాయి పరిచింది. తన జీతం చీటీలు ఒక దొంతర. ఎనిమిది నెలల అద్దె రసీదులు ఇంకొకటి. కరెంటు బిల్లులు, కూరగాయల కొట్టు చీటీలు. ఒక్కోదానికీ బట్టల క్లిప్పు. అన్నిటికీ ముందు సవరణ ఫారం. దాని కింద, తండ్రి సంతకం పెట్టాల్సిన చోట, పెన్సిలుతో చిన్న అడ్డగుర్తు.

నాన్న ఆ అడ్డగుర్తు చూశాడు. టిఫిను డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సన్నాయి వంటింటి గడప దగ్గర నుంచి చూస్తూ ఉంది. ఆయన ఏదో ఒకటి అంటే బాగుండును. తిట్టినా బాగుండును, తనకు తిరిగి తిట్టడానికి రెండు రోజులుగా కూడబెట్టుకున్న మాటలు బోలెడున్నాయి. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆమె లేచేసరికి కాగితాలు అలాగే ఉన్నాయి. ఫారం మీద ఒక్క అక్షరం రాయలేదు.

"అంతే కదా," అంది గట్టిగానే. ఆయన గది తలుపు మూసే ఉంది. ఆమె లాండ్రీకి సెలవు చెప్పి, సంచీలో తన రిటర్ను, జీతం చీటీలు వేసుకుంది. ఫారం ముట్టుకోలేదు.

"ఏం చేయబోతున్నావే?" అమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"ఆయనేం చెయ్యమన్నాడో అదే చేస్తా."

"ఒక్క గంట ఆగు. నేను మాట్లాడతా."

"మూడు రోజులు ఆగానమ్మా."

*

వరుసలో తన వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కౌంటరావిడ గుర్తుపట్టింది. "ఏమమ్మా, మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకున్నాం. ఆ సంతకం నాది కాదని రాసిస్తాను."

ఈసారి రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆవిడ ఆమె మొహం కేసి ఒకసారి చూసి, ఒక తెల్ల కాగితం, ఒక చిన్న చీటీ అద్దం కిందనుంచి పంపింది. "కాగితం మీద విషయం రాయి. చీటీ మీద మామూలుగా నువ్వెలా పెడతావో అలా మూడుసార్లు సంతకం పెట్టు. దానితో పోల్చి చూడాలి."

సన్నాయి రాసింది. 'ఈ సంతకం నాది కాదు' అన్న వాక్యం ఒక్క ఊపున రాసేసింది. తరువాత చీటీ ముందు పెట్టుకుంది. మొదటి అక్షరం, అల, కొక్కెం. మళ్ళీ. మళ్ళీ. మూడోది పెట్టేసరికి ఏమవుతోందో ఆమెకు అర్థమైంది. కావాలని వేరేగా పెడదామా అనుకుంది. అప్పుడు తనూ మోసం చేసినట్టే. పెన్ను కిందపెట్టింది.

ఆవిడ చీటీని తెర పక్కన పెట్టి చూసింది. పక్క కౌంటరాయనను కూడా పిలిచి చూపించింది. ఇద్దరూ తలలు ఊపుకున్నారు.

"ఒకటే కదమ్మా ఇవి. గీతలో తేడా లేదు. నాది కాదంటే పై అంతస్తువాళ్ళు ఎలా నమ్ముతారు? పైపెచ్చు నువ్వే ఒప్పుకుని, ఇప్పుడు అబద్ధమాడుతున్నావంటారు."

సన్నాయికి ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుండేది. ఇరవై ఏళ్ళొచ్చాయి, నాది అని చూపించుకోవడానికి నాలుగు అంగుళాల గీత కూడా లేదు. అది కూడా ఆయనదే!

"ఆ చీటీ ఇటివ్వండి."

వెనకనుంచి వచ్చింది గొంతు. నాన్న. ఆ రోజు ఆయనకు పని లేదు. అయినా కంపెనీ నీలం చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. చంకలో క్లిప్పులతో సహా కాగితాల దొంతర. వరుసలో నిలబడ్డవాళ్ళను దాటుకుని ముందుకొస్తుంటే ఒకాయన, "ఏమండీ, మేం మనుషుల్లా కనబడటం లేదా?" అన్నాడు.

"దాని తండ్రినండీ," అన్నాడు నాన్న ఆయనతో, అదేదో టోకెను అయినట్టు.

కూతురి వైపు చూడలేదు. పెన్ను తీసుకుని, ఆమె పెట్టిన మూడు సంతకాల కింద నాలుగోది పెట్టాడు. మొదటి అక్షరం, అల, కొక్కెం. చీటీని అద్దం కిందకు తోశాడు.

"ఆ ఒప్పుకోలు కాగితం మీద పెట్టింది నేనండీ. అది అబద్ధమాడటం లేదు."

కౌంటరావిడ కుర్చీలో వెనక్కి వాలింది. "అయ్యా, మీరేం చేశారో తెలుసా? ఇది చూశాక నేను చూడలేదనడానికి లేదు."

"చూడమనే పెట్టాను."

"మీరే వచ్చి సవరణ ఇస్తే జరిమానాతో సరిపోతుంది. లేదంటే పైకి పంపాలి."

"సవరణే." ఆయన ఫారం బయటికి తీసి, అద్దం ముందున్న చిన్న పలక మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ గబగబా నింపాడు. రెండో పేజీ మధ్యకు వచ్చి ఆగాడు. ఆవిడ తలకిందులుగానే ఆ గడి చదివి, అలవాటైన గొంతుతో అడిగేసింది.

"ఇంటి ఖర్చులో సగానికి మించి ఎవరు భరిస్తున్నారు?"

ఆ అద్దం బెజ్జాల్లోంచి లోపలికి మాటలు పోవు గానీ, బయటికి మాత్రం శుభ్రంగా వస్తాయి. వరుసంతా విన్నారు.

"అమ్మాయి," అన్నాడు నాన్న.

"ఆఁ?" ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"మా అమ్మాయి."

"ఎప్పటి నుంచి?"

"ఎనిమిది నెలలు."

ఇందాక కసురుకున్న పెద్దమనిషి బూట్ల కేసి చూసుకున్నాడు. సన్నాయికి తల కొట్టేసినట్టుంది. ఈ మాట ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, ఒక్కసారి ఆమెతో అని ఉంటే సరిపోయేది. ఇంతమంది ముందు అనాల్సి వచ్చేదాకా తెచ్చుకున్నాడు. తెచ్చుకుని తనను కూడా ఇక్కడ నిలబెట్టాడు. ఆమె కోపం ఒక్క మెట్టు కూడా దిగలేదు.

నాన్న పెన్సిలు అడ్డగుర్తు పక్కన తన సంతకం పెట్టాడు. జరిమానా చీటీ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అది కట్టేది కూడా డబ్బాలోంచే కదా అని సన్నాయి పళ్ళు కొరుక్కుంది.

"ఇప్పుడు నీ రిటర్ను ఇవ్వమ్మా," అంది ఆవిడ. "కింద సంతకం కొట్టేసి కొత్తగా పెట్టు. నా మాట విని వేరేలా పెట్టు. ఇక నుంచి అదే నీది."

సన్నాయి పెన్ను తీసుకుంది. పాత సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. దాని పక్కన తన అసలు పేరు, ఇంట్లోగానీ లాండ్రీలోగానీ ఎవరూ పిలవని ఆ పేరు, బడిలో దిద్దిన అక్షరాల్లా విడివిడిగా, మొదటి నుంచి చివరి దాకా రాసింది. అలల్లేవు, కొక్కేల్లేవు.

నాన్న మెడ చాపి చూశాడు. "అదేం సంతకమే? పేరు రాసినట్టుంది."

"పేరే."

ఆవిడ ముద్ర గట్టిగా కొట్టింది. రసీదు అద్దం కిందనుంచి వచ్చింది. గోడ గడియారంలో రెండూ ఇరవై. కాలేజీకి రెండు బస్సులు మారాలి.

*

బస్టాపులో బెంచీ ఖాళీగా ఉంది. నాన్న ఒక చివర కూర్చున్నాడు. ఆమె కూర్చోలేదు. రసీదును సంచీలో పెట్టి, సంచీని ఛాతీకి అదుముకుని, బస్సు వచ్చే వైపు చూస్తూ నిలబడింది.

"నాతో కాలేజీకి రానవసరం లేదు," అంది.

"నేనూ ఆ బస్సే. ఇంటికి."

కాసేపు మోటారు బళ్ళు పోయాయి.

"ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా," అంది ఆమె. ఈసారి గోడ లేదు, తిరగడానికి. ఆయన మొహం మీదే అంది. "ఏటా నువ్వు అడ్డగుర్తు పెట్టిన చోటల్లా పెట్టాను. ఈ ఒక్క ఏడాది ఎందుకు అడగలేదు?"

నాన్న చొక్కా జేబు మీదున్న కంపెనీ గుర్తును వేలితో రుద్దాడు. కొంచెం దారం లేచి ఉంది.

"అడిగితే కాగితం చదువుతావు," అన్నాడు.

అనడానికి ఆమె దగ్గర మాటలున్నాయి. మూడు రోజులుగా కూడబెట్టినవి, ఒకటీ ఖర్చు కాలేదు. వాటిలో ఏ ఒక్కటీ దీనికి సరిపోలేదు. అందుకూ కోపమొచ్చింది.

బస్సు మలుపు తిరిగింది. నాన్న లేచి చొక్కా సరిచేసుకున్నాడు.

"మరి వచ్చే ఏడాదికి కూడా ఆ రెండు రోజుల పనేనంటే," అన్నాడు, నవ్వో మరొకటో తెలియని మొహంతో, "నువ్వు నన్ను రాసుకుంటావా ఏంటి నీ కాగితంలో?"

"రాయాల్సొస్తే రాస్తా," అంది ఆమె, బస్సు మెట్టు మీద కాలు పెడుతూ. "ముందు నిన్ను అడిగి."

లోపలికి వెళ్ళి, ఒక్కరే పట్టే సీటు చూసుకుని కూర్చుంది.